క్యాబినెట్టు కొనునప్పుడు

ఇబ్రహీంపట్నము పెద్దచెరువును చూచినవారు ఒక సంగతి ఎరుగుదురు. చెరువెంత నిండియున్నను తూము సరిగా లేనిచో మడికి నీరందదు. అలుగు లేనిచో వరదకు కట్ట నిలువదు. నేటి ప్రసంగము చెరువును గురించి కాదు, కంప్యూటరు పెట్టెను గురించి. అయినను తూమును, అలుగును కొంచెముసేపు జ్ఞాపకముంచుకొనవలెనని శ్రోతలను కోరుచున్నాను.

ఇబ్రహీంపట్నము చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలు అనేకము కలవు. వానిలో ఒకదానియందు నా మేనకోడలు చదివినది. ప్రాసెసరుకు, మెమరీకి సొమ్ము చాలవరకు వెచ్చించి, మిగిలిన కొద్ది డబ్బుతో నగరమున ఒక దుకాణమునందు మధ్యరకపు క్యాబినెట్టు తీసికొన్నది. ముందు నల్లని గాజుపలక; లోపల రంగురంగుల దీపములు. ఎస్.ఎం.పి.ఎస్., అనగా ఇంటి విద్యుత్తును కంప్యూటరుకు తగినట్లు మార్చి ఇచ్చు సాధనము, దానితో కలిపియే ఇచ్చిరి. "మామయ్యా, ఇది ఉచితముగా వచ్చినది" అని ఆమె సంతోషించినది.

చివరి సంవత్సరమున ప్రాజెక్టు సమర్పించుటకు పది దినములుండగా, ఒకనాటి రాత్రి కరెంటు పోయి వచ్చినది. కంప్యూటరు మరల లేవలేదు. ఎస్.ఎం.పి.ఎస్. తాను కాలిపోవుటయే కాక డిస్కును కూడ పాడుచేసినది. వ్రాసినదానికి వేరొక ప్రతి లేదు. ఆ పిల్ల పది రాత్రులు మేల్కొని అంతయు మొదటినుండి వ్రాసినది.

తరువాత ఆ పెట్టెను తీరికగా పరిశీలించితిని. మొదట క్యాబినెట్టు సంగతి. ఇంటెల్ సంస్థ 1995లో ఏర్పరచిన ఏ.టి.ఎక్స్. కొలతల ప్రకారము మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉండును. అది ఈ పెట్టెలో ఇరుకు లేకుండ అమరినది. రేకు పలుచనిదే గాని, అంచులు మడిచియున్నందున చేయి కోసికొనదు. లోపమెల్ల గాలి విషయమున. ముందరి గాజుపలక గాలిని లోనికి రానీయదు. ప్రక్కలనున్న సన్నని సందులే దారి. వేసవిలో గది 40 డిగ్రీలకు చేరినప్పుడు పెట్టె లోపలి గాలి అంతకంటె వేడిగానే ఉండును. కావున కొనువారు దీపములను గాక, ముందునుండి గాలి వచ్చు దారిని, వెనుకకు పోవు దారిని, దుమ్ము నాపు జల్లెడను చూడవలెను. ఆ జల్లెడ ఊడదీసి కడుగుటకు వీలైనదై ఉండవలెను.

ఇక ఎస్.ఎం.పి.ఎస్. మన ఇంటికి వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు. కంప్యూటరు లోపలి భాగములకు కావలసినవి 12, 5, 3.3 వోల్టులు. ఇదియే తూము. 12 వోల్టులు ఇవ్వవలసిన తీగలో 11.4కు తగ్గరాదు, 12.6కు మించరాదు. దీనిపై పెద్ద అక్షరములతో 450 అని ఉన్నది. అవి వాట్లని మా పిల్ల తలచినది. చిన్న అక్షరముల పట్టికలో 12 వోల్టుల క్రింద 14 ఆంపియర్లని కలదు. గుణించినచో 168 వాట్లు. ప్రాసెసరు, గ్రాఫిక్సు కార్డు ప్రధానముగా ఆధారపడునది ఈ వరుసమీదనే. 450 అనునది నమూనా సంఖ్య మాత్రమే!

అలుగు మాట మరింత విచారకరము. వోల్టేజీ మించినప్పుడు తనంతట ఆగిపోవు రక్షణ మంచి సాధనములలో ఉండును. ఇందు అది ఉన్నట్లు పట్టికలో గాని, పెట్టెపై గాని లేదు. డిస్కునకు పట్టిన గతియే అందుకు సాక్ష్యము. ఎవరును దీనిని ఇంట విప్పిచూడరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచియుండవచ్చును.

విప్పకుండ చేయదగిన పరీక్ష మన రేడియో చేతిలో కలదు. మీడియం వేవు రేడియోను కంప్యూటరుకు రెండు మూడు అడుగుల దూరమున పెట్టి వినవలెను. ఎస్.ఎం.పి.ఎస్. విద్యుత్తును సెకనుకు వేలకొలది సార్లు త్రెంచి కలుపును. ఆ రొదను ఆపు వడపోత భాగములను కొందరు తయారీదారులు పొదుపు పేరిట వదలివేయుదురు. అప్పుడు స్టేషను వినబడక బుర్రుమను ధ్వనియే మిగులును. మంచి సాధనమును కూడ పక్కపక్కనే ఉంచి పోల్చినచో భేదము స్పష్టము.

ఇంకొక మాట. పెట్టె అంచు తాకగానే చేయి జివ్వుమన్నచో కంప్యూటరును మాత్రమే తిట్టరాదు. వడపోత భాగములు పెట్టెకు కొద్దిపాటి విద్యుత్తును చేర్చును. దానిని భూమిలోనికి పంపవలసినది మూడవ తీగ. ఇంట ఎర్తింగు లేదని ఆ జివ్వు చెప్పుచున్నది. లోపల తీగ తెగి పెట్టెకు తగిలిననాడు అదే లోపము ప్రాణము తీయగలదు. వెంటనే ఎలక్ట్రీషియనును పిలిపింపవలెను.

మా పిల్ల ఆ క్యాబినెట్టును ఉంచుకొని, గాజుపలక స్థానమున జల్లెడ పలక అమర్చి, వేరుగా మంచి ఎస్.ఎం.పి.ఎస్. కొన్నది. వ్రాసినదానిని ఇప్పుడు రెండు చోట్ల దాచుచున్నది. శ్రోతలు పెట్టె అందము చూచి కొనిన తప్పు లేదు. తూము, అలుగు మాత్రము చూడక కొనరాదు.