మన ఇంటి జైతూన్ మొక్క: అమానతు, శకునం

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఎండిన నేలకు వాననిచ్చి ప్రాణం పోసేవాడు, విత్తును చీల్చి మొలక తీసేవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, వారి కుటుంబం పైనా, అనుచరులందరి పైనా శాంతిశుభాలు వర్షించుగాక!



కుండీలో పెరిగే ఒక మొక్కను గురించి మింబర్ మీది నుండి మాట్లాడటం ఏమిటని కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. విజయవాడలోనూ, గుడివాడ, మచిలీపట్నం వైపునా మన ఇళ్ళలో కొన్నింట జైతూన్ మొక్క కనిపిస్తున్నది. ఉమ్రా చేసి వచ్చిన సంతోషంలో కొందరు, కొత్త ఇంట్లో కాలుపెట్టిన సందర్భంలో కొందరు, కడియం వైపు నర్సరీల నుండో, నగరంలోని మొక్కల అంగళ్ళ నుండో దానిని శుభమని తెచ్చుకుంటున్నారు. ఆ ప్రేమను మేము తప్పుపట్టము. అయితే కొన్ని నెలలు గడిచేసరికి ఆకులు పసుపుబారుతాయి, రాలుతాయి, కొమ్మ ఎండుతుంది. అప్పుడు మా దగ్గరకు వచ్చే ప్రశ్న మొక్కను గురించి ఉండదు. "హజ్రత్, ఇంట్లోని బర్కత్ వెళ్ళిపోతున్నదా?" అని అడుగుతారు. అంతకన్నా బాధాకరమైన మాట కూడా విన్నాము. ఇంటికి కొత్తగా కోడలు వచ్చిన తరువాతే శుభవృక్షం ఎండిందట. ఆ మాట ఆ బిడ్డ చెవిన పడేలా అన్నారట.

ఈ ఒక్క మాట కోసమే ఈనాటి ప్రసంగం.

జైతూన్ గౌరవం ఎంతటిదో మొదట చూద్దాం. దివ్య ఖుర్ఆన్‌లో ఆ పేరు ఆరు చోట్ల వచ్చింది. తీన్ సూరాలో అల్లాహ్ అంజూరంతో పాటు దానిపై ప్రమాణం చేశాడు. మోమినూన్ సూరాలో పేరెత్తకుండానే, సీనా పర్వతం నుండి వచ్చి మనుషులకు నూనెను, కూరను ఇచ్చే చెట్టని దానిని గుర్తుచేశాడు. నూర్ సూరాలో తన జ్యోతికి చెప్పిన ఉపమానంలో, దీపానికి నూనెనిచ్చే ఆ వృక్షం తూర్పుదీ కాదు, పడమరదీ కాదని వర్ణించాడు. ఈ మాటకు వ్యాఖ్యాతలు చెప్పిన అర్థాలలో ఒకటి మన ప్రస్తుత విషయానికి చాలా దగ్గరగా ఉన్నది. ఆ చెట్టు ఉదయపు ఎండను గానీ, సాయంకాలపు ఎండను గానీ ఏ గోడా, ఏ కొండా అడ్డుకోని బహిరంగ స్థలంలో నిలిచి ఉంటుందనీ, రోజంతా సూర్యుణ్ణి చూస్తుందనీ, అందుకే దాని నూనె అంత స్వచ్ఛమైనదనీ వారు వివరించారు. మరి మనం దానిని ఎక్కడ పెడుతున్నాం? ఏసీ గదిలో, సోఫా పక్కన, తెర వెనుక! అతిథులకు కనబడాలని.

జైతూన్ నూనెను తినమనీ, ఒంటికి రాసుకోమనీ, అది శుభవంతమైన చెట్టు నుండి వస్తుందనీ దైవప్రవక్త (స) చెప్పిన హదీసు తిర్మిజీ సంకలనంలో ఉన్నది. అంటే దాని శుభం తినడంలో, వాడుకోవడంలో, వెలుగివ్వడంలో ఉన్నది. అది పచ్చగా ఉంటే ఇంటికి మేలు, ఎండితే కీడు అని ఖుర్ఆన్‌లో గానీ హదీసులో గానీ ఎక్కడా లేదు. వస్తువులలో, పక్షులలో, రోజులలో అపశకునం చూసే ఆచారాన్ని ప్రవక్త (స) స్పష్టంగా కొట్టివేశారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఆ హదీసులున్నాయి.

ఇక్కడ ఒక సంఘటనను నిదానంగా ఆలోచించవలసి ఉన్నది. ప్రవక్త (స) వారి చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. మదీనా ప్రజలు ఆ రెంటినీ ముడిపెట్టారు. ప్రవక్త కుమారుడు పోయినందుకే సూర్యుడు కూడా చీకటిపడ్డాడని చెప్పుకున్నారు. ఆ మాటలో దుర్బుద్ధి లేదు, అభిమానమే ఉన్నది. పైగా కడుపుకోతలో ఉన్న తండ్రికి అది ఓదార్పుగా కూడా ఉండేది. అయినా ఆయన మౌనంగా ఊరుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలోనివనీ, ఒకరు చనిపోయినందుకో, పుట్టినందుకో వాటికి గ్రహణం పట్టదనీ ప్రజల ముందు ప్రకటించారు. గ్రహణం పట్టినప్పుడు నమాజు చేయమని, దుఆ చేయమని నేర్పారు.

ఆ పసివాని మరణానికి సూర్యుడు చీకటిపడనప్పుడు, ఒక ఆడబిడ్డ గడప దాటి లోపలికి వచ్చినందుకు కుండీలో మొక్క ఎండుతుందా? ఇది ఆలోచించకుండా ఆ మాట అన్నవారు రెండు అన్యాయాలు చేశారు. అల్లాహ్ అధికారంలో ఉన్న మేలుకీడులను ఒక ఆకుకు అంటగట్టారు. నోరెత్తలేని కోడలి మీద నింద మోపారు. మొక్క మళ్ళీ చిగురించవచ్చు. పుట్టింటిని వదిలి వచ్చిన పిల్ల మనసులో పడిన మాట అంత తేలికగా పోదు. అలాంటి మాట అన్నవారు ఎవరైనా ఈ సభలో ఉంటే, ఈ రోజు ఇంటికి వెళ్ళగానే ఆమెను క్షమాపణ అడగాలి. తోటి మనిషి హక్కును ఆ మనిషే మాఫీ చేయాలి. మనం ఇక్కడ కూర్చుని చేసే తౌబా ఒక్కటే దానికి చాలదు.

మరి మొక్క ఎందుకు ఎండుతున్నది? శకునం కాదన్న తరువాత కారణం వెదకడం మన బాధ్యత. ప్రవక్త (స) మదీనా వచ్చిన కొత్తలో అక్కడి రైతులు ఖర్జూరపు పూలకు చేతితో పరాగం పట్టించడం చూసి, అలా చేయకపోతే మేలేమో అన్నారు. వారు మానేశారు. ఆ ఏడు కాపు తగ్గింది. సంగతి తెలిసినప్పుడు, ధర్మ విషయంలో తాను చెప్పినది పాటించాలనీ, ప్రాపంచిక పనుల్లో వారికే బాగా తెలుసుననీ ఆయన అన్నారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసు మింబర్ మీద నిలబడే మా వంటివారికి గొప్ప పాఠం. కాబట్టి మేము తోటపని తెలిసినవారిని అడిగాము. వారి మాటే మీకు చెబుతున్నాము.

జైతూన్ మధ్యధరా సముద్ర తీరాల చెట్టు. అక్కడ చలికాలంలో వాన, వేసవిలో పొడి ఎండ, వేళ్ళ కింద రాతినేల. మన కృష్ణా డెల్టాలో వానంతా వేసవి చివర మొదలై శరదృతువు దాకా కురుస్తుంది. గాలిలో ఎప్పుడూ తేమే. నేల నల్లరేగడి, ఒండ్రు మట్టి. వరికి అది వరం. జైతూన్ వేరుకు మాత్రం ఊపిరాడనివ్వని మట్టి. వేరుకు ఊపిరేమిటని అనుకోకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్ వైపు వీధులన్నీ రోజుల తరబడి నీటిలో నానినప్పుడు, ఆ ఇళ్ళలో చిక్కుకున్నవారు ఎంత అవస్థపడ్డారో మనకు తెలుసు. నీరు నిలిచిన కుండీలో వేరు పరిస్థితి కూడా ఆ ఇంటి పరిస్థితే. మట్టి రేణువుల మధ్య ఉండవలసిన గాలి స్థానంలో నీరు చేరుతుంది. వేరు కుళ్ళుతుంది. కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు గనుక ఆకు వాడుతుంది. వాడిన ఆకును చూసి మనం ఇంకో చెంబు పోస్తాం. మన ఇళ్ళలో చాలా జైతూన్ మొక్కలు దాహంతో చావడం లేదు, ప్రేమతో చస్తున్నాయి. కొందరు జమ్‌జమ్ నీరు కూడా పోస్తున్నారు. దానిని మీరే తాగండి. మొక్కకు కృష్ణ నీళ్ళు చాలు.

ముందుగా, బ్రతికి ఉన్నదా లేదా చూడండి. ఎండినట్లు కనిపించే కొమ్మ మీద గోటితో బెరడును కొద్దిగా గీకితే లోపల పచ్చగా ఉంటే ప్రాణమున్నట్లే. గోధుమరంగుగా, పొడిగా ఉంటే ఆ కొమ్మను పచ్చదనం కనబడేంతవరకు కత్తిరించవచ్చు. తరువాత మొక్కను కుండీ నుండి మెల్లగా తీసి వేళ్ళు చూడాలి. మెత్తబడి, నల్లబడి, వాసన వేసే వేళ్ళను శుభ్రమైన కత్తితో తీసివేయాలి. గట్టిగా ఉన్నవాటిని కదపకూడదు. అడుగున రంధ్రాలున్న మట్టికుండీ మంచిది, మట్టి గోడల గుండా తేమ ఆరిపోతుంది గనుక. రంధ్రాలపై పెంకుముక్కలు పరచి, ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి. ఎరువు తక్కువగా, ఇసుక ధారాళంగా ఉండాలి. డెల్టా నల్లమట్టిని అందులో కలపవద్దు. కుండీ కింద పళ్ళెం పెట్టి నీరు నిలవనివ్వవద్దు.

నీరు ఎప్పుడు పోయాలి? వేలిని రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి చూడండి. పొడిగా తగిలితేనే, అడుగు రంధ్రాల నుండి కారేంతవరకు పోయండి. తడిగా ఉంటే ఆ రోజుకు వద్దు. వానాకాలంలో కుండీని వసారా చూరు కిందికి, కానీ వెలుతురు తగిలేచోటికి జరపాలి. మిగతా కాలంలో కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మే నెల సంగతి వేరు. మన నగరంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను తాకే రోజులుంటాయి. నేలలోని చెట్టు ఆ ఎండను ఓర్చుకుంటుంది గానీ, డాబా మీద కాలిన శ్లాబుపై కుండీ పెడితే లోపలి వేళ్ళు ఉడికిపోతాయి. ఇటుకల మీద ఎత్తిపెట్టి, మధ్యాహ్నం పూట ఆకుపచ్చ వల నీడ కల్పించాలి. బందరు, దివిసీమ వైపు బోరునీటిలో ఉప్పు ఎక్కువ. మట్టి మీద తెల్లని పొర కడుతుంటే వాననీరు పట్టి పోయడం మేలు.

ఇంకొక మాట. మీరు కొన్నది జైతూనేనా అని కూడా చూసుకోండి. అసలు జైతూన్ ఆకు సన్నగా, బిరుసుగా ఉండి, వెనుకవైపు వెండి పూసినట్లు ఉంటుంది. దక్షిణాదిన సిలోన్ ఆలివ్ అనే వేరే చెట్టు ఒకటి ఉన్నది. దాని ఆకు వెడల్పు, రాలబోయే ముందు ఎర్రబడుతుంది. అది మంచి చెట్టే, పచ్చడికి దాని కాయలు వాడతారు. కానీ ఖుర్ఆన్‌లో చెప్పిన జైతూన్ అది కాదు. ఆ పేరుతో దీనిని అమ్మేవారు తూకంలో మోసం చేసేవారితో సమానం.

కాయలు కాస్తాయా అని అడుగుతున్నారు. ఆశపడవద్దు. జైతూన్ పూయాలంటే కొన్ని వారాల పాటు గట్టి చలి కావాలి. రాజస్థాన్ ప్రభుత్వం 2007లో ఇందుకోసమే ఒక సంస్థను స్థాపించి తోటలు వేయించింది. 2014లో బికనేర్ జిల్లా లూణ్‌కరణ్‌సర్‌లో నూనె తీసే కర్మాగారం కూడా ప్రారంభమైంది. అక్కడి ఎడారి రాత్రుల చలి దానికి తోడ్పడింది. మన కృష్ణాతీరంలో ఆ చలి లేదు. కాయ కోసం కాక, ఒక ప్రాణిని మనకు అప్పగించారన్న భావంతో పెంచాలి.

సల్మాన్ ఫార్సీ (రజి) బానిసత్వం నుండి విడుదలకు యజమాని మూడువందల ఖర్జూరపు మొక్కలు నాటాలని షరతు పెట్టాడు. సహాబీలు తలా ముప్పై, ఇరవై, పదిహేను, పది చొప్పున మొక్కలు తెచ్చి ఇచ్చారు. గుంతలు తవ్వి సిద్ధం చేయమని ప్రవక్త (స) సల్మాన్‌కు చెప్పారు. తవ్విన తరువాత స్వయంగా వచ్చి తన చేతులతో మొక్కలు నిలిపారు. ప్రవక్త చేతి శుభం ఉన్నచోట కూడా గుంత తవ్వే పని తప్పలేదు, గమనించండి. మనం గుంత మరచి శుభాన్ని మాత్రం అడుగుతున్నాం. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ఆయన ఉపదేశాన్ని పిల్లలకు కథగా చెబుతాం. కుండీ అడుగున రంధ్రం ఉన్నదో లేదో మాత్రం వంగి చూడం.

ఇంత చేసినా మొక్క చనిపోవచ్చు. అప్పుడు దుఃఖపడటంలో తప్పు లేదు, భయపడటంలో ఉన్నది. ఎండిన మొక్కను తీసి ఎరువు గుంతలో వేయండి. దానిని గడపకు కట్టడం, తాయత్తులా దాచుకోవడం చేయవద్దు. ఖాళీ అయిన కుండీని బోర్లించవద్దు. అన్‌ఆమ్ సూరాలో అల్లాహ్ రెండు చోట్ల జైతూన్ పక్కనే దానిమ్మను ప్రస్తావించాడు. దానిమ్మ మన ఎండకు, మన గాలికి అలవాటుపడిన మొక్క, పెద్ద కుండీలోనూ కాస్తుంది. కోత రోజున అందులోని హక్కును చెల్లించమనీ, దుబారా చేయవద్దనీ ఆజ్ఞ కూడా అక్కడే ఉన్నది. ఎవరైనా నాటిన దాని నుండి మనిషి గానీ, పక్షి గానీ, పశువు గానీ తింటే అది నాటినవారికి సదఖా అవుతుందని బుఖారీ, ముస్లిం హదీసు. తొలకరి పడిన ఈ రోజులు నాటడానికి అనువైనవి. మొదటి కాయ కాసినప్పుడు దానిని ఒలిచి పక్కింటి పిల్లలకు పంచండి. ఆ గింజలను పంచే పని ఇంటి కోడలి చేతికి ఇవ్వండి.