పిల్లల పేరున ఒక వస్తువు

పెండ్లికిగాని, గృహప్రవేశానికిగాని బహుమతిగా ఇచ్చే స్టీలు పాత్ర మీద పేరు కొట్టించి ఇవ్వడము మన ఇండ్లలో చిరకాలపు వాడుక. ఆ పేరు పుచ్చుకొన్నవారిది కాదు, ఇచ్చినవారిది. ఏ బిందె ఎవరు పెట్టినదో ఇరవై యేండ్ల తరువాత కూడ తెలియవలెనని ఏర్పడిన ఆచారమిది. బంధువుల నడుమ ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక లెక్క ఉండవలసినదే కనుక దీనిని తప్పుపట్టనక్కరలేదు. కాని పిల్లల విషయములో ఈ లెక్క తిరగబడవలె. పిల్లలకిచ్చే వస్తువు మీద ఉండవలసినది పిల్లల పేరే.

దీనివల్ల ప్రయోజనమేమిటని అడుగవచ్చును. చదువు రాకముందే బిడ్డ తన పేరు రూపమును గుర్తుపట్ట నేర్చుకొంటుంది. “ఇది నాది” అన్న తెలివితోపాటు “దీనిని నేనే జాగ్రత్త చేసుకోవలె” అన్న బాధ్యత కూడ అలవడుతుంది. అన్న వాడి విడిచిన సంచి, అక్క వదలిన పెట్టె మాత్రమే వంతుకు వచ్చే చిన్నపిల్లకు తన పేరుగల వస్తువొకటి దొరికితే ఇంటిలో తనకొక స్థానమున్నదన్న ధైర్యము కలుగుతుంది. ఆడపిల్లల విషయములో ఈ మాట మరింత నిజము.

మా కనిగిరి ప్రాంతమునకు పొరుగున ఉన్న మార్కాపురము పలకలకు పేరుపడినది. అక్కడి గనుల రాతిని పలుచగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రము బిగించి దూరప్రాంతాలకు పంపేవారు. అక్షరాభ్యాసమునాడు బిడ్డ చేతికి వచ్చే మొదటి సొంత ఆస్తి పలకే. ఆ పూట తోటి పిల్లలకు కూడ పలకలు, బలపాలు పంచిపెట్టడము మన మర్యాద. పలకలన్నీ ఒక్క తీరుగానే ఉంటవి కనుక చట్రము మీద పేరు వ్రాసుకొంటేనే ఎవరిది వారికి దక్కేది. నోటుపుస్తకము వచ్చిన తరువాత పలక చాలవరకు వెనుకబడినది. ఇప్పుడు బడిసంచి, అన్నము డబ్బా, నీళ్ల సీసా పిల్లల సొంత వస్తువులైనవి.

వీటిలో మా మెట్ట ప్రాంతమునకు అన్నిటికన్న ముఖ్యమైనది నీళ్ల సీసా. ఇక్కడ అనేక గ్రామాల భూగర్భజలములో ఫ్లోరైడు ఎక్కువ. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. ఫ్లోరైడు వ్యాధిని మన దేశములో మొదట గుర్తించి 1937లో వైద్యులు ప్రకటించినది ఆ నెల్లూరు జిల్లా నుండే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల రూపుదిద్దుకొనే కాలములో, అనగా సుమారు ఎనిమిదేండ్ల వయసులోపల, ఇట్టి నీరు త్రాగిన పిల్లల పండ్లకు మచ్చలు పడుతవి. ఆ మచ్చలు తోముకొంటే పోవు. నీటిని కాచినందువల్ల ఫ్లోరైడు తొలగదు. నీరు ఆవిరైనకొద్దీ దాని పాలు పెరుగుతుంది కూడ. కనుక చిన్న పిల్లవానికి ఏమివ్వవలెనని ఆలోచించే మేనమామకు మా సలహా ఇది: మూత బిగువుగల మంచి స్టీలు సీసా తెచ్చి, దాని మీద వాని పేరు కొట్టించండి. పరీక్షించిన మంచినీరు ప్రతిదినము అందులో నింపి పంపే బాధ్యతను ఇంటివారు వహించవలె. పేరుగల సీసా మారిపోదు. ఒకరి ఎంగిలి ఒకరు త్రాగే పని ఉండదు.

పేరు వ్రాయించేటప్పుడు కొన్ని సంగతులు గమనించవలె. మాలకొండ నరసింహస్వామి పేరు పెట్టుకొన్న మాలకొండయ్యలు, మాలకొండమ్మలు ఈ ప్రాంతములో విరివి. ఇంటిపేరులో మొదటి అక్షరమైనా చేర్చకపోతే వస్తువు ఎవరిదో తేలదు. ముద్దుపేరు ఇంటికే పరిమితము. బడి వస్తువు మీద బడిపేరే ఉండవలె. బడిసంచికి మాత్రము పేరు లోపలివైపున కుట్టించడము మేలు. వెలుపల పెద్ద అక్షరాలతో వ్రాస్తే దారినపోయే అపరిచితుడు సైతము బిడ్డను పేరుపెట్టి పిలువగలుగుతాడు. పేరు తెలిసినవాడు మనవాడేనని పసివారు నమ్ముతారు. ఇక దుస్తుల మీద పేరు కుట్టించడము వృథా. ఏడాది తిరిగేసరికి అవి పొట్టివై తమ్మునికో చెల్లెలికో పోవలసినవే.

వానలు లేని ఏండ్లలో ఇక్కడి తల్లిదండ్రులు అనేకులు పిల్లలను అవ్వాతాతల వద్ద విడిచి పనులకై పట్టణాలకు పోతారు. పండుగకు తిరిగివచ్చేటప్పుడు తెచ్చిన చొక్కా బిడ్డకు చాలకపోవడము, కొన్న బొమ్మతో ఆడే వయసు దాటిపోవడము ఆ ఇండ్లలో తరచు జరిగేదే. బిడ్డ లోటుపడేది కొత్త వస్తువుకు కాదు. తాను ఎంత ఎదిగినదో అమ్మానాన్నలకు తెలియలేదే అని నొచ్చుకొంటుంది. కనుక బయలుదేరే ముందు ఫోనులో అవ్వతో ఒక్క మాట మాట్లాడండి. ఎత్తెంత, ఏ తరగతి, ఇప్పుడు దేనిమీద మోజు, బడిలో ఏ వస్తువు లేక ఇబ్బందిపడుతున్నది అని అడగండి. బిడ్డనే అడిగితే మరీ మంచిది. తరువాత అంగడికి వెళ్లండి. పేరు ఆ తరువాత కొట్టించవచ్చును.