కంఠము మూతపడినప్పుడు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నేను వైద్యుడను గాను. 35 ఏండ్లు బాలురకు శబ్దమంజరియు రఘువంశమును చెప్పిన వృద్ధోపాధ్యాయుడను. అయినను నేడు వైద్యవిషయమును ముచ్చటించుటకు కారణము కలదు. మా అన్నగారికి కంఠమున క్యాన్సరు పుట్టెను. మొదట అన్నము, పిమ్మట జావ, తుదకు నీరును దిగకపోయెను. పొట్టకు గొట్టము నమర్చి ఆహారము పోయుదమని వైద్యులు చెప్పగా, అది అంత్యకాలపు చికిత్స యని మేమందరము వలదంటిమి. అందు నేనే ముందుంటిని. వారు నానాటికి కృశించిరి. దౌర్బల్యముచేత కిరణచికిత్స నడుమనే ఆగిపోయెను. వ్యాధికంటె ముందు ఆకలియే వారిని గెలిచెనని నాకు నేటికిని తోచుచుండును. నాడెఱుగనిదానిని పిమ్మట తెలిసికొని మీకు నివేదించుచున్నాను.

పూర్వమీ పనికి ఉదరమును కోసి తెరవవలసియుండెను. 1849లో స్ట్రాస్‌బర్గు నగరమున సెదియో అను శస్త్రవైద్యుడు దీనిని మనుష్యునకు చేసెను గాని రోగి బ్రదుకలేదు. 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున గాడరర్, పాన్‌స్కీ యను వైద్యులు ఉదరమును తెరవకయే గొట్టము నమర్చు మార్గమును కనుగొనిరి. దీపముగల ఎండోస్కోపును నోటిద్వారా జీర్ణాశయములోనికి పంపుదురు. ఆ వెలుగు పొట్టచర్మముపై కానవచ్చుచోట తిమ్మిరిమందిచ్చి చిన్నగాటు పెట్టుదురు. సూదిగుండ దారమును లోనికి పంపి, నోటివెంట వెలికి దీసి, దానికి గొట్టమును కట్టి లోనికి లాగుదురు. నోరు, గొంతు పూర్తిగా మూసికొన్నవారికి ఎక్స్‌రే సాయమునగాని, చిన్నరంధ్రములగుండ లాపరోస్కోపుతోగాని పొట్టవైపునుండియే అమర్చుదురు.

ఈ గొట్టము వ్యాధిని మాన్పదు. చికిత్సను తాళుకొను బలమును నిలుపును. కావుననే కొందఱికి కిరణచికిత్సకు ముందే దీని నమర్చుదురు. మ్రింగుశక్తి తిరిగివచ్చినచో తీసివేయుదురు. గొట్టమున్నను, వైద్యులనుమతించినంతవఱకు నోటితో మ్రింగు నభ్యాసమును విడువరాదు. విడిచినచో కంఠపు కండరములు ఆ పనిని మఱచును.

ఇంటివారు చేయవలసినది కష్టసాధ్యము కాదు. రోగిని తల యెత్తుగా నుంచి మెల్లగా ఆహారము పోయవలెను. పిమ్మట అరగంటయైనను పరుండబెట్టరాదు. ఆహారమునకు ముందును వెనుకను నీరు పోసి గొట్టమును శుభ్రపఱుపవలెను. చుట్టు చర్మము ఎఱ్ఱబారినను, చీముపట్టినను వైద్యునకు చూపవలెను. గొట్టము ఊడివచ్చినచో తామే చొప్పింపక తక్షణము ఆస్పత్రికి పోవలెను. కొన్నిగంటలలోనే ఆ మార్గము పూడిపోవును.

గొట్టము వలయునో వలదో రోగియు వైద్యుడును కలిసి నిశ్చయింపవలసినదే. అందఱికి నిది తగదు. బంధువుల భయము మాత్రము దానికి అడ్డు కారాదు. మా యింట అట్లే జరిగెను.

దాతలారా! అన్నసత్రములకు మీరుదారముగ నిచ్చుచున్నారు. నోటితో తినలేని బీదరోగికి కొన్నినెలల పాలు, ఆహారపుపొడి, సిరంజీలు సమకూర్చుటయు అన్నదానమే. విస్తరి లేకున్నంతమాత్రమున ఆ పుణ్యము తఱుగదు.