ఫిర్యాదు మూతపడితే చాలదు, తీరాలి

(రియాద్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వారానికి దొరికే ఒక్క సెలవు రోజును వదులుకుని దమ్మామ్, జుబైల్, అల్ ఖర్జ్ నుంచి బస్సుల్లో వచ్చిన అన్నదమ్ములకు, ఇళ్లలో పని చేస్తూ ఎట్లాగో ఒక పూట అనుమతి తీసుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు పేరుపేరునా దండాలు.

నాకు ఇచ్చిన అంశం ప్రభుత్వ వెబ్‌సైట్ల ఖర్చు, వాడకం. ఇది ఆఫీసర్ల ముచ్చట కదా, మేస్త్రీకి, డ్రైవర్‌కి, ఖద్దామాకి దీంతో పనేంటి అని మీకు అనిపించొచ్చు. ఒక్కసారి ఆలోచించండి. మన ఇకామా గడువు ఎక్కడ కనబడుతుంది? అబ్షర్‌లో. మన కాంట్రాక్టు ఎక్కడ ఉంది? కివాలో. ఇండియాలో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఎక్కడ వచ్చింది? ఈ-మైగ్రేట్‌లో. ఎంబసీకి ఫిర్యాదు చేయాలంటే? మదద్ పోర్టల్. ఒకప్పుడు మన బతుకు కఫీల్ బీరువాలో ఉండేది. ఇప్పుడు సగం తెర మీదికి వచ్చింది. కాబట్టి ఆ తెర ఎవరి డబ్బుతో నడుస్తోంది, ఎవరికి పనికొస్తోంది అని అడగాల్సింది ముందుగా మనమే.

ఈ లెక్క అడగడం కొత్తేమీ కాదు. 2010 జూన్‌లో బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్ల ఖర్చును తనే బయటపెట్టింది. అప్పుడు అక్కడ 820 ప్రభుత్వ వెబ్‌సైట్లు ఉండేవి. వాటిలో 46 సైట్ల లెక్క తీస్తే ఒక్క ఏడాదిలో తయారీకి, నిర్వహణకు 9 కోట్ల 40 లక్షల పౌండ్లు, సిబ్బందికి ఇంకో 3 కోట్ల 20 లక్షల పౌండ్లు అయినట్టు తేలింది. విదేశీ వ్యాపారం కోసం పెట్టిన ఒక సైటుకైతే, ఒక మనిషి ఒకసారి వచ్చి చూసి పోయినందుకు 11 పౌండ్ల 78 పెన్నీల చొప్పున ఖర్చు పడింది. ఆ లెక్క చూశాక, అక్కరలేని సైట్లను మూసేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2012లో అన్నిటినీ ఒకే చోటికి తెచ్చే కొత్త సైటు మొదలుపెట్టింది. గమనించండి, వాళ్లు సైటు అందంగా ఉందా అని చూడలేదు. మొత్తం ఖర్చును వచ్చిన మనుషుల సంఖ్యతో భాగించారు, అంతే. ఇది మన మెస్సు లెక్క లాంటిదే. నెల సరుకుల ఖర్చును తిన్న వాళ్లతో భాగిస్తే తలకి ఎంతో తెలిసిపోతుంది.

మన విషయంలో నేను ఆ లెక్కను కొంచెం మారుస్తాను. ఎంతమంది సైటు చూశారన్నది మనకి ముఖ్యం కాదు. జీతం అందనోడు ఆ సైటును పదిసార్లు చూస్తాడు. పని కాలేదు కాబట్టే పదిసార్లు చూస్తాడు. రికార్డులో మాత్రం అది పది సందర్శనలుగా, గొప్ప వాడకంగా కనబడుతుంది. కాబట్టి మన కొలత ఇట్లా ఉండాలి: ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని తీరాయి, ఎన్ని రోజులు పట్టింది, ఒక్కో ఫిర్యాదుకి ప్రభుత్వానికి ఎంత అయింది, కార్మికుడికి ఎంత అయింది.

ముందు ప్రభుత్వం వైపు చూద్దాం. విదేశాల్లో ఉన్న భారతీయుల ఫిర్యాదుల కోసం విదేశాంగ శాఖ 2015 ఫిబ్రవరిలో మదద్ పోర్టల్ పెట్టింది. జీతం బకాయి, జైలు, మృతదేహం ఇంటికి పంపడం, నష్టపరిహారం, యజమాని వేధింపులు, ఇట్లాంటివన్నీ అక్కడ రాసుకోవచ్చు. మనమే రాయనక్కరలేదు, ఊర్లో ఉన్న భార్యగానీ తమ్ముడుగానీ కూడా రాయొచ్చు. ఇక ఈ-మైగ్రేట్. ఇది మన ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్ల క్లియరెన్స్ కోసం, రిక్రూటింగ్ ఏజెంట్ల మీద నిఘా కోసం వచ్చింది. 2024 అక్టోబరులో కొత్త రూపంతో, మొబైల్ యాప్‌తో మళ్లీ ప్రారంభించారు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో అక్కడ చూసుకోవచ్చు. ఏజెంటు మన దగ్గర తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే చట్టం ఒప్పుకోదు. ఊర్లో లక్షలు అప్పు చేసి ఏజెంటు చేతిలో పెట్టే తమ్ముళ్లకి ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే ఆ సైటు పెట్టిన ఖర్చు గిట్టుబాటైనట్టే.

సౌదీ వైపు అబ్షర్, కివా, ముసానెద్, ముదద్ ఉన్నాయి. ఇక్కడ ఒక మాట. మదద్ వేరు, ముదద్ వేరు. మదద్ మన విదేశాంగ శాఖది, ఫిర్యాదుల కోసం. ముదద్ సౌదీది, కంపెనీలు జీతాల చెల్లింపు చూపించడం కోసం. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది తికమక పడుతున్నారు. ముసానెద్ ఇంటి పనివాళ్ల నియామకం, కాంట్రాక్టుల కోసం.

2021 మార్చి 14న అమల్లోకి వచ్చిన కార్మిక సంస్కరణలు ఈ సైట్ల మీదే ఆధారపడి ఉన్నాయి. వరసగా మూడు నెలలు జీతం రాకపోయినా, ఇకామా గడువు తీరిపోయినా, వచ్చిన మూడు నెలల్లోగా కాంట్రాక్టు నమోదు చేయకపోయినా కఫీల్ ఒప్పుకోకుండానే తనాజుల్ చేసుకునే వీలుంది. ఆ పని కివాలో జరుగుతుంది. ఎగ్జిట్ రీ-ఎంట్రీ కూడా కార్మికుడే అబ్షర్‌లో అడగొచ్చు. కానీ ఇంట్లో పనిచేసే అక్కచెల్లెళ్లు, ఇంటి డ్రైవర్లు, గొర్రెలు కాసేవాళ్లు, తోటమాలులు ఆ సంస్కరణల కిందికి రాలేదు. అంటే ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లకే ఆ తలుపు తెరుచుకోలేదు. వాడకం లెక్క తీసేటప్పుడు ఈ మాట మరవొద్దు. లాగిన్ కాని వాళ్లు ఏ లెక్కలోనూ కనబడరు.

ఇప్పుడు మన ఖర్చు సంగతి. అబ్షర్‌లో ఖాతా తెరవడానికి, మదద్‌లో ఫిర్యాదు రాయడానికి రుసుం లేదు. మరి మన జేబులోంచి డబ్బు ఎందుకు పోతోంది? ఒక ఉదాహరణ అనుకుందాం. నెలకి 1,200 రియాళ్ల జీతగాడు. ఇంగ్లీషు రాదు, అరబిక్ మాట్లాడతాడు గానీ చదవలేడు. ఫిర్యాదు నింపినందుకు సర్వీసు దుకాణం వాడికి 50 రియాళ్లు. క్యాంపు నుంచి ఊర్లోకి రానుపోను 60. పని మానుకున్న రోజుకి 40. మొత్తం 150 రియాళ్లు, అంటే జీతంలో ఎనిమిదో వంతు. అదీ జీతం వస్తే. జీతం రావట్లేదనే కదా వాడు ఫిర్యాదు చేస్తున్నది! ప్రభుత్వం కాగితం మీద 'ఉచిత సేవ' అని రాసుకుంటుంది. దాని ధర మనం బయట కడుతున్నాం.

డబ్బుకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. మనలో చాలామంది అబ్షర్ ఖాతా మందూబ్ చేతిలోనో, దుకాణం వాడి ఫోన్‌లోనో ఉంది. పాస్‌వర్డు అతనిదే, ఓటీపీ పోయేది అతని నంబరుకే. 2022 చివర్లో వచ్చిన నిబంధన ప్రకారం, కంపెనీ కార్మికుడు పనికి రావట్లేదని యజమాని కివాలో నమోదు చేస్తే, వేరే పనికి మారడానికో, ఫైనల్ ఎగ్జిట్ మీద పోవడానికో కొన్ని షరతులతో 60 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు దాటితే హురూబ్ లెక్కలో పడతాడు. నువ్వు చూసినా చూడకపోయినా ఆ అరవై రోజులు నడుస్తూనే ఉంటాయి. ఖాతా నీ చేతిలో లేకపోతే అరవై ఒకటో రోజున పోలీసు చెక్‌పోస్టు దగ్గర తెలుస్తుంది. అందుకే మొట్టమొదట చేయాల్సింది, సిమ్ మీ ఇకామా మీద ఉండాలి, పాస్‌వర్డు మీకే తెలియాలి. వారానికి ఒకసారి అబ్షర్, కివా రెండూ తెరిచి మీ స్థితి చూసుకోవాలి. చదవడం రాకపోతే నమ్మకమైన తోటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఫోను మాత్రం మీ చేతిలోనే ఉండనీయండి.

ఇంకో సంగతి. 'ఆన్‌లైన్ ఫీజు' అని చెప్పి ఇకామా రెన్యువల్‌కి, వర్క్ పర్మిట్‌కి జీతంలో కోసేవాళ్లు ఉన్నారు. సౌదీ కార్మిక చట్టం 40వ ఆర్టికల్ ప్రకారం కంపెనీ కార్మికుడి ఇకామా, వర్క్ పర్మిట్ ఫీజులు, రెన్యువల్స్, ఆలస్యమైతే పడే జరిమానాలు, ఎగ్జిట్ రీ-ఎంట్రీ ఫీజు యజమానే భరించాలి. కోసుకుంటే ఎంత, ఎప్పుడు అన్నది రాసిపెట్టుకోండి. అడిగే రోజు వచ్చినప్పుడు అదే సాక్ష్యం.

ఇక అసలు మాటకి వస్తాను. పార్లమెంటులోనో, పత్రికల్లోనో ఇన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఇన్ని పరిష్కరించాం అని వింటుంటాం. పరిష్కారం అంటే ఏమిటి? 'యజమానికి లేఖ రాశాం' అని ఫైలు మూయొచ్చు. 'లేబర్ కోర్టుకి వెళ్లమని సలహా ఇచ్చాం' అని మూయొచ్చు. 'ఫోన్ ఎత్తలేదు' అని కూడా మూయొచ్చు. ఎంబసీ చేతిలో అన్నీ ఉండవు, ఇక్కడి చట్టం ప్రకారమే పోవాలి, అది నిజమే. అక్కడ రాత్రింబగళ్లు కష్టపడే సిబ్బంది ఉన్నారు, అదీ నిజమే. కానీ మూసిన ఫిర్యాదులెన్ని, డబ్బు చేతికి వచ్చిన ఫిర్యాదులెన్ని అన్నది విడివిడిగా చెప్పాలి. అది తెలియనంత కాలం ఆ పోర్టల్ మీద పెట్టిన రూపాయి దండగో, పండగో ఎవరికీ తెలియదు.

అడిగే హక్కు మనకుందా? ఉంది. ఎంబసీలో పాస్‌పోర్టు పనికో, సంతకానికో పోతే ఫీజుతోపాటు సంక్షేమ నిధి కింద కొద్ది రియాళ్లు మన దగ్గరే తీసుకుంటారు. 2009లో పెట్టిన ఆ నిధి ఆపదలో ఉన్న మనవాళ్లకి టికెట్టు, వకీలు, శవం తరలింపు లాంటి వాటికి వాడాలి. మనం భిక్ష అడగట్లేదు. మన డబ్బు కూడా కలిసిన ఏర్పాటు గురించి లెక్క అడుగుతున్నాం.

దారి కూడా ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం భారత పౌరులందరిదీ. సముద్రం దాటినా అది మన వెంటే ఉంటుంది. విదేశాంగ శాఖకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టొచ్చు, ఫీజు పది రూపాయలు. విదేశాల్లో ఉన్నవాళ్లు ఆ ఫీజు కట్టడానికి 2013లో ఈ-పోస్టల్ ఆర్డర్ కూడా తెచ్చారు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, సగం జవాబే వచ్చినా మొదటి అప్పీలు, ఆ తర్వాత కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అభిప్రాయం అడగొద్దు, రికార్డు అడగండి. 'మా వాళ్లని ఎందుకు పట్టించుకోరు' అని రాస్తే జవాబు రాదు. ఇట్లా రాయాలి:

ఒకటి, గత మూడేళ్లలో మదద్ పోర్టల్ నిర్వహణకు ఏ ఏడాది ఎంత ఖర్చయింది?
రెండు, సౌదీ నుంచి వచ్చిన ఫిర్యాదులు ఎన్ని? అందులో జీతం బకాయివి ఎన్ని, మృతదేహాల తరలింపువి ఎన్ని?
మూడు, మూసిన వాటిలో కార్మికుడికి డబ్బు అందినట్టు రికార్డున్నవి ఎన్ని?
నాలుగు, ఫిర్యాదు నమోదు నుంచి మూసేదాకా సగటున పట్టిన రోజులు ఎన్ని?
ఐదు, మూశాక కార్మికుడు మళ్లీ తెరిపించినవి ఎన్ని?

ఈ ఐదు ప్రశ్నలకు పది రూపాయలు చాలు. మన ఊర్లో డిగ్రీ చదివే పిల్లలు ఇంగ్లీషులో రాసి పెట్టగలరు. అయితే దరఖాస్తు మీద పౌరుడిగా మీ పేరే ఉండాలి, ఫోరం పేరు కాదు.

ఇదంతా ప్రభుత్వం లెక్క. దానికి జతగా మన లెక్క కూడా ఉండాలి. మన ఫోరం ఈ ఏడాది నుంచి ఒక పుస్తకం పెట్టుకోవాలని నా ప్రతిపాదన. మన సాయంతో మదద్‌లో వేసిన ప్రతి ఫిర్యాదుకి నంబరు, వేసిన తేదీ, మొదటి జవాబు వచ్చిన తేదీ, మూసిన తేదీ రాయాలి. చివర్లో రెండు గళ్లు ఉండాలి. ఒకదాంట్లో కార్మికుడికి అయిన ఖర్చు, రెండోదాంట్లో చేతికి వచ్చిన డబ్బు. వచ్చే ఏడాది ఎంబసీలో ఓపెన్ హౌస్‌కి పోయినప్పుడు 'మాకు న్యాయం జరగట్లేదు' అని ఊరికే అనకుండా ఆ పుస్తకం బల్ల మీద పెడదాం. ఫలానా నంబరు ఫైలు ఫలానా తేదీన మూశారు, మనిషికి ఇంకా రూపాయి రాలేదు అని చెబుదాం. అట్లా చెబితే ఏ అధికారీ తేలిగ్గా తీసిపారేయలేడు. పని అయిన ఫిర్యాదులు కూడా అందులో ఉంటాయి కాబట్టి మంచి పని చేసిన వాళ్లకి ధన్యవాదాలు కూడా అంకెతోనే చెప్పొచ్చు.

రాయడానికి ముగ్గురు ముందుకు రావాలి. రియాద్‌కి ఒకరు, జెద్దాకి ఒకరు, తూర్పు ప్రాంతానికి ఒకరు. ఆడవాళ్ల ఫిర్యాదులు రాసుకోవడానికి ఒక అక్క ఉంటే ఇంకా మంచిది, మగవాళ్లకి చెప్పుకోలేని కష్టాలు ఉంటాయి. భోజనాల తర్వాత పుస్తకం ఇక్కడే ఈ బల్ల మీద ఉంటుంది. ఇప్పటికే మదద్ నంబరు ఉన్నవాళ్లు రాయించి వెళ్లండి. సెలవు.