పాతకారు బేరమున ఇంజను నెంబరు చూచుట
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున ఎవరైనను పాతకారు కొన్నచో, అగ్రిమెంటు కాగితముపై సాక్షి సంతకమునకు మొట్టమొదట పిలువబడువారు మీరే. పెద్దమనిషి సంతకమున్నచో బేరమునకు బలము వచ్చునని అందరి నమ్మకము. ఆ సంతకమునకు ముందు చేయవలసిన చిన్నపని యొకటి కలదు. కారు బోనెట్టు ఎత్తించి, ఇంజనుపై నున్న నెంబరును మీ కంటితో మీరు చదువవలెను.

మేము ప్రచార పర్యటనలో నుండగా ఒక గ్రామమున ఒక యువకుని చూచితిమి. తల్లి నగలు కుదువబెట్టి, బాడుగలకు త్రిప్పుకొనవచ్చునను ఆశతో పట్టణమున ఒక దళారి వద్ద పాతకారు కొనెను. అగ్రిమెంటులో ఇంజను నెంబరు వ్రాసిరి, సాక్షిగా వార్డు సభ్యుడొకరు సంతకము చేసిరి. యాజమాన్యపు మార్పిడికి రవాణా కార్యాలయమునకు పోగా, తనిఖీలో ఇంజనుపై వేరు నెంబరు కనబడినది. వెనుకటి యజమాని పాత ఇంజను చెడిపోయినపుడు, పాతసామానుల దుకాణములో మరియొక ఇంజను కొని బిగించుకొనెనట. ఆ ఇంజను దొంగిలింపబడిన వేరొక కారుది. మేము చూచునప్పటికి ఆ బండి పోలీసుస్టేషను ఆవరణలో, చక్రముల గాలి దిగి, ఎండకు ఎండుచున్నది. నగలపై వడ్డీ మాత్రము ఆగలేదు. ఆ వార్డు సభ్యులు మాతో అన్న మాట యిది: "కాగితాన్ని కాగితంతో సరిచూశామండీ, కారుతో సరిచూడలేదు."

ఇంజను నెంబరు ఎచ్చట నుండును? కారు కారుకు చోటు మారును గాని, ఒక సూత్రము కలదు. ఊడదీసి మార్చదగిన మూతలపై గాక, ఇంజను యొక్క మూలభాగమైన సిలిండరు బ్లాకు మీదనే దానిని పోటు వేసియుందురు. బ్లాకు ప్రక్కన నున్నగా చదును చేసిన చిన్నచోటు వెదకవలెను. పెక్కు కార్లలో అది ఇంజను గేరుబాక్సుతో కలియుచోటికి దగ్గరగా నుండును. మన ఊళ్ళలో ఇంకను తిరుగుచున్న మారుతి 800 కారులో సయితము నెంబరు బ్లాకు మీదనే యుండును. కారుతో ఇచ్చు చిన్నపుస్తకములో బొమ్మవేసి చోటు చూపియుందురు. పుస్తకము పోయినచో మెకానిక్కును అడుగవచ్చును. అయితే అతడు చదివి చెప్పుటతో తృప్తి పడరాదు, వ్రేలు పెట్టి చూపుమనవలెను.

ఇంజను చల్లారిన పిమ్మటనే చేయి పెట్టవలెను. ఏండ్ల తరబడి పట్టిన జిడ్డు, మట్టి నెంబరును కప్పియుండును. కిరసనాయిలు కొంచెము తడిపిన గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత సుద్దముక్కతో పైపైన రుద్దినచో గుంటలలోని అక్షరములు తేటపడును. టార్చిలైటు ఎదురుగా గాక ప్రక్కవాటుగా వేయవలెను. తల పట్టని సందులో ఫోను దూర్చి ఫొటో తీసినచో మరియు సులువు. గరుకుకాగితముతోను, ఆకురాయితోను గీకుట ఎంతమాత్రము కూడదు. నెంబరు అరిగినచో, దానిని చెరిపినది మీరేయను మాట పడవలసి వచ్చును.

చదువుటలోను ఒక చిక్కు కలదు. సున్నకు ఇంగ్లీషు 'ఓ'కు, ఒకటికి 'ఐ'కి, ఎనిమిదికి 'బి'కి పొరపాటు పడుట సహజము. ఛాసిస్ నెంబరు విషయమున భయము తక్కువ. నేటి కార్లకు అది 17 అక్షరములు, అంకెలు కలిసినది. అందులో 'ఐ', 'ఓ', 'క్యూ' వాడరు గనుక గుండ్రనిది కనబడినచో సున్నయే. ఇంజను నెంబరుకు అట్టి ఏకరీతి నియమము లేదు, పొడవు కూడ కంపెనీ కంపెనీకి మారును. అందుచేత ఒక అక్షరము తేడా కనబడగానే దొంగబండి యని కేకలు వేయరాదు. ఆర్.సి.లో వ్రాతతప్పు కావచ్చును. రవాణా కార్యాలయమున సవరించుకొని రమ్మని అమ్మువానితో చెప్పి, అంతవరకు బయానా సహితము ఇప్పించకుండుట మేలు.

అనుమానింపవలసినవి వేరు. అక్షరముల వరుస ఎగుడుదిగుడుగా నుండుట, బ్లాకంతయు పాతబడి నెంబరున్నచోటు మాత్రము కొత్తగా మెరయుట, ఛాసిస్ నెంబరు చుట్టును వెల్డింగు మచ్చలు కనబడుట. ఇట్టివి చూచినచో సంతకము చేయక లేచి రావలెను. దొంగసొత్తని నమ్ముటకు తగిన కారణముండియు దురుద్దేశముతో పుచ్చుకొనుట భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద నేరము.

ఇంజను మార్చుట తప్పుకాదు. మోటారు వాహనముల చట్టము, 1988 ప్రకారము రిజిస్టరు చేయు అధికారికి తెలిపి, ఆర్.సి.లో కొత్త నెంబరు ఎక్కించుకొనవలెను. ఇన్సూరెన్సు పాలసీలోను ఆ నెంబరే యుండవలెను. విద్యుత్తు కార్లకు ఇంజను లేదు గనుక మోటారు నెంబరు చూడవలెను.

ఎం-పరివహన్ వంటి యాప్ ఫోనులో నున్నదిగదా యని కొందరనుచున్నారు. చూచుకొనుడు, మంచిదే. కాని ఆ యాప్ సర్కారు రికార్డులో నున్నది చెప్పునేగాని, మీ ముందున్న ఇనుముపై ఏమున్నదో చెప్పజాలదు.

మీ గ్రామస్థుడు అమ్మువాడైనను ఒకమాట చెప్పుడు. సొమ్ము ముట్టినదిగదా యని ఊరకుండరాదు. రాష్ట్రములోని బేరమైనచో 14 దినములలో 29వ ఫారముతో తెలియజేయవలెను, కొన్నవాడు 30 దినములలో దరఖాస్తు పెట్టుకొనవలెను. బండి అమ్మి ఇచ్చివేసినను, రిజిస్టరులో పేరున్నవాడే ప్రమాదములలో నష్టపరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

మేము వచ్చిన కారు బయట వేపచెట్టు క్రింద నున్నది. ఈపాటికి ఇంజను చల్లారియుండును. సుద్దముక్క, టార్చిలైటు, ఆర్.సి. మావద్దనున్నవి. నలుగురైదుగురు చొప్పున రండి, బోనెట్టు ఎత్తి చూతము.