రిటైరయ్యాక ఎక్కడ ఉందాం?



మా గోదావరిఖని క్వార్టర్లలో ఈ మధ్య నలుగురు ఆడవాళ్లం ఒకచోట చేరితే చాలు, ఒకే మాట వస్తోంది. "మీ సారు దిగిపోయేదెప్పుడు వదినె? దిగినంక ఎక్కడుంటరు?" అని. సింగరేణిలో పదవీ విరమణ వయసు 2021లో 60 నుండి 61కి పెరిగింది. మావారికి ఇప్పుడు 57. అంటే ఇంకా నాలుగేళ్లుంది. నాలుగేళ్లంటే చాలా దూరం అనుకుంటాం గాని, పిల్లల చదువుల్లో పడి పాతికేళ్లు ఎలా దొర్లిపోయాయో చూసినవాళ్లకు అదెంత దగ్గరో తెలుసు. ఆ రోజు రాగానే కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి తాళం అప్పగించాలి. కనుక ఎక్కడ ఉందాం అన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడే వెతుక్కోవాలి. ఆ జవాబు కోసం మేము పడిన ఆలోచన మీకూ పనికి వస్తుందేమోనని చెబుతున్నాను.

నాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అత్తవారిదీ ఆ వైపే. మావారు ఉద్యోగం కోసం ఈ బొగ్గుగనుల సీమకు వచ్చారు, పెళ్లయ్యాక నేనూ వచ్చాను. ఇక్కడ మా ఇంటికి దగ్గరలో పారే గోదావరే అక్కడ మా పుట్టింటి దిగువన సముద్రంలో కలుస్తుంది. అందుచేత ఎప్పటికైనా ఆ నీళ్ల వెంటే మేమూ వెళ్లిపోతామని అందరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మావారి కోరిక మరీ గట్టిది. ఆయన భూగర్భ గనిలో ఓవర్‌మ్యాన్. "ముప్పై ఏళ్లు నెత్తిమీద రాతికప్పు చూస్తూ బతికాను. ఇక నెత్తిమీద ఏమీ లేనిచోట, సముద్రం ఎదురుగా కూర్చుంటాను" అంటారు. ఆ మాటకు ఎవరు మాత్రం ఏమని ఎదురు చెప్పగలరు? ఇక్కడి సంగతి మీకు తెలిసిందే. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటడం మాకు కొత్త కాదు. ఓపెన్‌కాస్టు గనుల్లో బాంబులు పేల్చినప్పుడు వంటింట్లో గిన్నెలు గలగలలాడతాయి. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతుంది.

అయితే నాకొక సందేహం వచ్చింది. పాతికేళ్లుగా మేము కోనసీమకు వెళ్లింది ఎప్పుడు? సంక్రాంతికి. అప్పుడు అక్కడి గాలి, ఎండ, మంచు అన్నీ ముచ్చటగా ఉంటాయి. సంక్రాంతికి చూసి ఇల్లు కొనడమంటే, పెళ్లిచూపుల నాటి ముస్తాబు చూసి పిల్లను ఖాయం చేసుకోవడమే కదండీ! "ఈసారి మే నెలలో వెళదాం. ఇరవై రోజులుందాం" అన్నాను. మావారు నవ్వారు గాని సరేనన్నారు. కిందటి వేసవిలో అన్నయ్యగారింట్లో దిగాం.

మొదటి రెండు రోజుల్లోనే మావారు రెండు థర్మామీటర్లు తెప్పించారు. ఒకదాన్ని మామూలుగా ఉంచి, రెండో దాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి విసిరారు. ఇది గనిలో పనిచేసేవాళ్లకు అలవాటైన లెక్క. పనిస్థలంలో తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 33.5 డిగ్రీలు దాటకూడదని బొగ్గుగనుల నిబంధనల్లో ఉంది. 30.5 దాటితే అక్కడ సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో గాలి ఆడేలా ఏర్పాటు చేయాలట. ఎందుకంటే మన ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, ఆ చెమట ఆరిపోవడం. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట కారుతుందే గాని ఆరదు.

ఆ మధ్యాహ్నం అన్నయ్య వాళ్ల అరుగు మీద మామూలు థర్మామీటరు 36 చూపింది, తడిది 30. అంతకు ముందు వారం మా గోదావరిఖనిలో మామూలుది 44 ఉన్నా తడిది 24 మాత్రమే. మావారు కాసేపు ఆ రెండింటినీ చూసి, "ఇది మా గని లెక్కకు దగ్గరగా వచ్చిందే!" అన్నారు.

ఇలా అన్నానని మా రామగుండం ఎండ మంచిదని చెప్పడం లేదు. 45 డిగ్రీల ఎండలో వడదెబ్బకు ప్రాణాలు పోతాయి. సముద్రపు ఊళ్లలోనూ పడమటి గాలి తిరిగిన రోజున రోళ్లు పగిలే ఎండ కాస్తుంది. నేను చెప్పేదేమంటే, రెండూ వేరువేరు కష్టాలు. ఒక కష్టానికి అలవాటుపడిన శరీరం అరవై దాటాక రెండోదాన్ని నేర్చుకోవాలంటే సమయం పడుతుంది. వయసు మీరినకొద్దీ దాహం సరిగా తెలియదు, చెమట పట్టడమూ తగ్గుతుంది. రక్తపోటుకు మాత్రలు వాడేవాళ్లు ఎండాకాలానికి ముందు డాక్టరును అడిగి వాటి సంగతి తెలుసుకోవాలి.

మనం ఇక్కడ గడ్డితెరల కూలర్ పెట్టుకుని హాయిగా నిద్రపోతాం. అది కూడా నీళ్లు ఆవిరి కావడం మీద ఆధారపడి పనిచేసేదే. సముద్రతీరంలో దానివల్ల గదిలో ఇంకాస్త తేమ చేరుతుంది తప్ప చల్లదనం రాదు. అక్కడ కావలసింది ఎదురెదురుగా కిటికీలున్న ఇల్లు, ఫ్యాన్లు, చేతనైతే ఒక గదికి ఏసీ. కరెంటు బిల్లు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక ఇల్లాలి కంటికి కనిపించే సంగతులు. ఉప్పుజాడీ నీళ్లూరుతుంది. అప్పడాలు మెత్తబడతాయి. బీరువాలో మడతపెట్టిన పట్టుచీరలు ముక్కవాసన వేస్తాయి. ఊరగాయకు తడి తగిలితే బూజు పడుతుంది. మరీ సముద్రపు ఒడ్డునైతే కిటికీ ఊచలు, గేటు, సైకిలు ఉప్పుగాలికి తుప్పు పడతాయి. ఇవి పెద్ద కష్టాలు కావు. అమ్మావాళ్లూ ఇవన్నీ దిద్దుకుంటూనే కాపురం చేశారు. కాని డెబ్బయ్యో ఏట నిచ్చెన ఎక్కి ఊచలకు రంగు వేసేదెవరు?

ఊపిరితిత్తుల సంగతి ముఖ్యం. "సముద్రపుగాలి తగిలితే దుమ్ము దగ్గు పోతుంది" అని మనలో ఒక నమ్మకముంది. దుమ్ముకు దూరం కావడం మంచిదే. కాని ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకున్న బొగ్గునుసిని ఏ గాలీ కడిగివేయలేదు. పైగా తేమ ఎక్కువైన ఇళ్లల్లో బూజు, పరుపుల్లో కంటికి కనిపించని పురుగులు పెరిగి ఉబ్బసం ఉన్నవాళ్లను బాధిస్తాయి. అందుకని రిటైరు కాకముందే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించి, ఆ కాగితాలు చేతపట్టుకుని డాక్టరునే అడగండి.

తుఫానుల మాట మరిచిపోకూడదు. 1977 నవంబరులో దివిసీమ, 1996 నవంబరులో కోనసీమ, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు విశాఖపట్నం ఎంత నష్టపోయాయో పెద్దవాళ్లకు గుర్తే. కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఊరినే కోసుకుంటూ వస్తోంది. గోదావరి వరద 1986లో భద్రాచలం వద్ద 75 అడుగులు, 2022 జూలైలో 71 అడుగులు దాటినప్పుడు దిగువన లంకలు మునిగాయి. చవకగా వస్తోందని స్థలం కొనేముందు "ఆ ఏడాది నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" అని ఆ వీధిలోని ముసలమ్మను అడగండి. దస్తావేజు చెప్పని సంగతి ఆవిడ చెబుతుంది.

డబ్బు సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. 1998 నుండి అమలులో ఉన్న బొగ్గుగనుల పెన్షను ధరలతోపాటు పెరిగేది కాదు. భర్త తరువాత భార్యకు వచ్చేది అందులో ఒక భాగమే. సింగరేణి ఆసుపత్రులన్నీ ఈ గనుల సీమలోనే ఉన్నాయి. వేరే ఊరు వెళ్లేవాళ్లు తమ వైద్యం కార్డు అక్కడ ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందుగా కాగితం మీద రాయించుకోవాలి. 2014 తరువాత రాష్ట్రాలు రెండయ్యాయి కనుక రేషను కార్డు, ఆరోగ్యశ్రీ కూడా కొత్తగా చూసుకోవలసినవే.

వెళ్లవద్దని నా సలహా కాదు. మా పాత పొరుగువారు కాకినాడ వెళ్లి సుఖంగా ఉన్నారు. వాళ్ల అమ్మాయి కాపురం ఆ పక్క వీధిలోనే. అమెరికాలో చలి రాష్ట్రాల పెద్దవాళ్లు ఎంతోమంది రిటైరయ్యాక ఫ్లోరిడా తీరానికి పోతారట. అదీ మన కోస్తా లాగే వేడి, తేమ, తుఫానులు ఉన్నచోటు. వాళ్లలో కొందరు చలికాలం అక్కడ గడిపి, ఎండలు ముదరకముందే సొంత ఊరికి తిరిగి వచ్చేస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మా ఇరవై రోజుల్లో పన్నెండో రాత్రి కరెంటు పోయింది. ఆకు కదలడం లేదు. రెండు గంటలప్పుడు మావారికి ఊపిరి ఆడనట్టయింది. అరుగు మీద కూర్చోబెట్టి తాటాకు విసనకర్రతో తెల్లవారేదాకా విసిరాను. అన్నయ్యకు 64 ఏళ్లు, రాత్రిపూట కళ్లు సరిగా కనబడవు. ఆయన కొడుకులిద్దరూ హైదరాబాదులో ఉన్నారు. కారున్న వాళ్లెవరో, లేపితే ఏమంటారో తెలియదు. నాలుగున్నరకు కాస్త గాలి తిరిగింది, ఆయన తేరుకున్నారు. పొద్దున్నే అమలాపురం వెళ్లి డాక్టరుకు చూపించాం. భయం లేదన్నారు.

ఆ రాత్రి నాకు తట్టిన ప్రశ్న ఒక్కటే. ఈ ఊళ్లో అర్ధరాత్రి మొహమాటం లేకుండా నేను తట్టగల తలుపులెన్ని? వేళ్లమీద లెక్కపెట్టాను. నేను పుట్టిన ఊరే, అయినా రెండు. నాతో చదువుకున్న పిల్లలెవరూ ఇప్పుడక్కడ లేరు. మరి గోదావరిఖనిలో మా లైనులో? పదకొండు. ఆ తలుపులు ఊరికే రాలేదండీ. గని సైరను వేళకాని వేళ మోగినప్పుడల్లా చంకలో పిల్లలతో గేటు దాకా కలిసి పరుగెత్తిన ఆడవాళ్లం మేము. ఎవరి మనిషి పైకి వచ్చినా అందరం ఏడ్చాం.

మర్నాడు మావారు మెల్లగా అన్నారు, "నేను లేకపోయినా నీకు పుట్టిల్లు దగ్గరుంటుందనే కదా ఇక్కడికి రావాలనుకున్నాను" అని. ఆయనకంటే నేను తొమ్మిదేళ్లు చిన్న. ఆ మాట మేము ఎప్పుడూ పైకి అనుకోలేదు. కాని ఎక్కడ ఉండాలన్నది నిర్ణయించుకునేటప్పుడు అనుకోవలసిన మొదటి మాట అదే. ఇద్దరూ ఉన్నన్నాళ్లు ఏ ఊరైనా బాగానే ఉంటుంది. ఒక్కరే మిగిలిన రోజున ఆ ఊరు ఎలా ఉంటుందో చూసుకోవాలి.

మా లైనులోని వాళ్లూ ఒకరొకరుగా దిగిపోయేవాళ్లే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. అందుకే మేము నాలుగు కుటుంబాల వాళ్లం ఖనిలోనే ఒకే వీధిలో, ఆసుపత్రికి ఆటో దూరంలో ఇళ్లు చూసుకుంటున్నాం. తుఫానుల కాలం దాటాక, పుష్యమాఘాల్లో రెండు నెలలు మాత్రం సముద్రం దగ్గర గది అద్దెకు తీసుకుంటాం. మావారి కప్పులేని ఆకాశం ఆయనకు దక్కాలి. ఈ మాటకు ఆయన ఒప్పుకున్నారు గాని, రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. పుట్టిన ఊరు వదులుకున్నది నేనూ కదా, నాకూ కాస్త బెంగగానే ఉంది.

అక్కయ్యలూ, చెల్లెళ్లూ! మీ ఇంట్లోనూ ఈ మాట వస్తే నిర్ణయం మగవారికే వదిలేయకండి. వెళ్లదలచిన ఊళ్లో సంక్రాంతికి కాదు, మే నెలలో ఉండి చూడండి. ఏడాదైనా గడవనిదే ఇల్లు కొనకండి. అర్ధరాత్రి మీరు తట్టగల తలుపులు లెక్కపెట్టుకోండి. ఆ లెక్క తేలాక సముద్రమైనా సరే, బొగ్గుగనైనా సరే.

సెలవు.