పాత కారునకు క్రొత్త చక్రములు



కారు నడుపుటయందే ఆనందమును పొందు రసికులు ఆదరించిన జర్మన్ బండ్లలో బి.ఎం.డబ్ల్యు. మూడవ శ్రేణికి విశిష్టమైన స్థానము గలదు. అందు ఈ-46 అను సంకేతనామముతో 1998లో వెలువడిన నాలుగు తలుపుల బండి నేటికి పాతదైనను, దానిని శ్రద్ధతో పోషించుకొనువారు పెక్కు దేశములందున్నారు. అట్టివారు మొట్టమొదట తలపెట్టు సంస్కారము చక్రముల మార్పు. షిల్టాఖ్ అను జర్మన్ పట్టణమున 1970లో స్థాపితమైన బి.బి.ఎస్. వంటి సంస్థల అలాయ్ చక్రములు చూపరుల మనస్సును హరించుమాట నిజమే. అయినను, చక్రము బండికి అవయవమే గాని ఆభరణము గాదు కావున, దాని సౌందర్యము కొలతల యౌచిత్యముతోనే మొదలగును.

ఆ కొలతలలో మొదటిది బోల్టుల వలయము. ఈ బండికి 120 మిల్లీమీటర్ల వ్యాసముగల వలయముపై ఐదు బోల్టులు పట్టును. రెండవది చక్రపు నడిమి రంధ్రము. దాని వ్యాసము 72.6 మిల్లీమీటర్లు. హబ్బు అంచు ఈ రంధ్రమున సందులేక అమరినపుడే చక్రము కేంద్రము తప్పక నిలుచును. బి.ఎం.డబ్ల్యు. వారి ఐదవ శ్రేణి ఈ-39 బండి చక్రములకును బోల్టుల వలయ మిదియే గాని, నడిమి రంధ్రము 74.1 మిల్లీమీటర్లు; ఆ మిల్లీమీటరున్నర తేడాను తగిన రింగుతో పూరింపక బిగించినచో, చక్రము ఇంచుక ప్రక్కకు ఒరిగి కూర్చుండి, వేగము హెచ్చినకొలది స్టీరింగును వణకించును. మూడవది ఆఫ్‌సెట్టు, అనగా రిమ్ము మధ్యరేఖకును హబ్బు నానుకొను తలమునకును గల దూరము. 17 అంగుళముల వ్యాసమును 8 అంగుళముల వెడల్పును గల చక్రమునకు కార్ఖానావారు నిర్ణయించినది 47 మిల్లీమీటర్లు. అంతే వెడల్పున 35 గలదానిని తగిలించినచో, అది 12 మిల్లీమీటర్లు వెలుపలికి జరిగి, బండి గుంతలో క్రుంగినపుడు టైరు మడ్గార్డు అంచును రాచుకొనవచ్చును.

ఇక టైరు. 205/55 ఆర్ 16 అను టైరు మొత్తము ఎత్తు సుమారు 632 మిల్లీమీటర్లు. 225/45 ఆర్ 17 అనుదానిది 634. రిమ్ము అంగుళము పెరిగినను టైరు ప్రక్కగోడ ఆ మేరకు తగ్గుటచేత, స్పీడోమీటరు లెక్క చెడదు. పొట్టి ప్రక్కగోడ మలుపులలో చురుకుగా స్పందించును. గోతులలో మాత్రము రిమ్మును తక్కువగా కాపాడును. ప్రక్కన 91 డబ్ల్యు అని యున్నచో, ఆ టైరు 615 కిలోల భారమును, గంటకు 270 కిలోమీటర్ల వేగమును ఓర్వగలదని యర్థము. నాలుగంకెల తేదీముద్రను కూడ చూడవలెను. 2319 అనగా 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున తయారైనది.

బిగించుట యందును నేర్పు గలదు. హబ్బుపై పేరుకొన్న తుప్పును గీకి శుభ్రపరుపవలెను. ఈ బండి బోల్టుల మెడ శంకువాకారము. గోళాకారపు మెడగల మెర్సిడెస్ బోల్టులు దీనికి పనికిరావు. మృదంగ విద్వాంసుడు శ్రుతి చేయునపుడు ఎదురెదురు తావులను మొత్తినట్లు, ఐదు బోల్టులను వరుసగా గాక ఎదురెదురుగా, అంచెలంచెలుగా బిగించి, కడపట టార్కు రెంచితో బండి పుస్తకమున చెప్పిన బిగువునకు తేవలెను. అంతకు మున్నే ప్రతి చక్రమునకు బ్యాలెన్సింగు జరిగియుండవలెను. పాతబండి ముందు చక్రముల కంట్రోల్ ఆర్మ్‌ల రబ్బరు బుష్షులు అరిగియున్నచో క్రొత్త చక్రములు కూడ వణకును గనుక, వానిని ముందుగా పరీక్షించి మార్పించి, తరువాత అలైన్మెంటు చేయింపవలెను.

కావున, ఇట్టి బండి గల శ్రోతలకు నా మనవి యిది: అంగడికి పోయినపుడు వెల నడుగుటకు ముందు వలయము, రంధ్రము, ఆఫ్‌సెట్టు, ఈ మూటిని అడిగి తెలిసికొనుడు. క్రొత్త టైర్లతో తొలి కొన్నివందల కిలోమీటర్లు నెమ్మదిగా నడుపుడు. నూరు కిలోమీటర్లు తిరిగిన పిమ్మట బోల్టుల బిగువును మరియొకసారి తప్పక సరిచూచుకొనుడు.